ఇంటి నుంచి ఎవరికెంత దూరం?

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఇప్పుడు ఇల్లు కట్టే ఓపికా, స్థలమూ ఎవరికున్నాయి గనుక! ఎవరో కట్టినదాన్ని కొనుక్కోవడమే. అయినా సామెతలోని కష్టం మాత్రం ఎక్కడికీ పోలేదు. కట్టే కష్టం పోయి ఎంచుకునే కష్టం వచ్చింది, అంతే.

కిందటేడు మా ఇంటికీ ఆ ఘట్టం వచ్చింది. పదహారేళ్లుగా విద్యానగర్‌లో అద్దెకుంటున్నాం. మావారి ఆఫీసు గచ్చిబౌలిలో. అమ్మాయి పదో తరగతి పూర్తి చేసింది. అత్తయ్యకు మెట్లెక్కడం కష్టమైంది. ఇక సొంతిల్లు చూసుకోవాల్సిందే అనుకున్నాం. అనుకున్నదే తడవు, ప్రతి ఆదివారం టిఫిన్లు కాగానే కారెక్కి హైదరాబాద్‌కు పడమటి దిక్కున తిరగడం మొదలుపెట్టాం. నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్, కొల్లూరు... మా చిన్నప్పుడు ఊళ్లుగా విన్న పేర్లు. ఇప్పుడు ముప్పై, నలభై అంతస్తుల మేడలు!

ఎక్కడికి వెళ్లినా మర్యాదలకు లోటు లేదు. చల్లటి నీళ్లు, కాఫీ, తర్వాత నమూనా ఫ్లాటు. ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పలేను. తీరా కాసేపు నిలబడి చూస్తే ఆ పడకగదిలో బీరువా లేదు, వంటింట్లో బియ్యం డబ్బా లేదు, బాల్కనీలో ఆరేసిన బట్ట లేదు. మనుషులు లేని ఇల్లు ఎప్పుడూ విశాలంగానే ఉంటుంది!

కొల్లూరు దగ్గర ఒకచోట మావారికి బాగా నచ్చింది. ఈత కొలను, క్లబ్ హౌసు, పిల్లలకు ఆటస్థలం, పెద్దవాళ్లు నడవడానికి బాట. ‘గచ్చిబౌలికి ఇరవై నిమిషాలు సార్’ అన్నాడు చూపించే కుర్రాడు. నేనడిగాను, ‘ఇక్కడ బస్సు ఎక్కడ ఆగుతుంది బాబూ?’ అని. అతను నవ్వాడు. ‘ఇక్కడందరికీ కార్లుంటాయి మేడమ్.’

తిరిగొచ్చేటప్పుడు మావారు కూడా అదే అన్నారు. ‘బస్సు గొడవ నీకెందుకు? నువ్వు ఇంట్లోనే ఉంటావుగా!’

ఆయన ఎగతాళిగా అనలేదు. నిజమనుకునే అన్నారు. అందుకే నాకు కోపం రాలేదు గానీ, ఆలోచన వచ్చింది. ‘ఇంట్లోనే ఉండే మనిషి’ వారంలో ఎన్నిసార్లు గడప దాటుతుందో ఒక నోటుబుక్కులో రాసి చూద్దామనిపించింది. రాశాను. మల్కాజిగిరిలో ఒంటరిగా ఉంటున్న మా అమ్మ దగ్గరికి మూడుసార్లు. అత్తయ్య కంటి పరీక్షకు ఒకసారి. బ్యాంకు, కరెంటాఫీసు, కూరలు, మందులు, అమ్మాయి ట్యూషను, ఒక పేరంటం, ఒక పరామర్శ. చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయానికి రెండుసార్లు... నా కథలు అక్కడ ఒక మూల కూర్చుని రాసుకున్నవే. వారం చివర లెక్క చూస్తే మావారు గడప దాటింది ఆరుసార్లు, నేను పంతొమ్మిదిసార్లు!

నోటుబుక్కు ఆయన ముందు పెట్టాను. రెండుసార్లు చదివి, ‘ఇవన్నీ లెక్కలోకి రాలేదు సుమా!’ అన్నారు.

అక్కచెల్లెళ్లారా! నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. ఇల్లు కొనేటప్పుడు ‘దూరం’ అంటే మనందరి మనసుల్లో ఉండేది ఒక్కటే దూరం. సంపాదించే మనిషికి ఆఫీసు ఎంత దూరమన్నది. ఇంట్లో అయిదుగురుంటే అయిదు దూరాలున్నాయి. మిగిలిన నాలుగింటినీ లెక్కెయ్యకపోతే అవి పోవు. ఎవరో ఒకరు రోజూ వాటిని మోస్తారు. ఆ మోసేది ఎవరో మీకు వేరే చెప్పాలా?

ఈ పడమటి శివార్లు పెరిగిన తీరులోనే ఆ లెక్క తప్పింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. దాని చుట్టూ ఆఫీసులు వచ్చాయి, ఆఫీసుల కోసం ఇళ్లు వచ్చాయి. తర్వాత నగరం చుట్టూ 158 కిలోమీటర్ల అవుటర్ రింగురోడ్డు వచ్చింది. ఎనిమిది వరసల గొప్ప రోడ్డు! కాదనను. కానీ ఆ రోడ్డు మీదకు ద్విచక్ర వాహనాలను రానివ్వరు. అంటే కాలేజీకి స్కూటీ మీద వెళ్లే మీ అమ్మాయికి అది దారి కాదు, పక్కనున్న సర్వీసు రోడ్డే దారి. ‘అవుటర్‌కు రెండే నిమిషాలు’ అని ప్రకటనలో వేస్తే, ఆ రెండు నిమిషాలు కారున్నవాళ్లవి. మెట్రో రైలు 2017లో మియాపూర్ – నాగోలు మధ్య మొదలై, 2019లో రాయదుర్గం చేరింది. అక్కడి నుంచి ఇంకా పడమరకు వస్తుందని బ్రోచర్లలో గీతలు గీసి చూపిస్తారు. రావచ్చు, రావాలి కూడా. కానీ ఈ రోజు సొమ్ము కట్టేవాళ్లు ఈ రోజు తిరిగే బండినే లెక్కపెట్టుకోవాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. టికెట్ లేకపోవడం ఎంతో మేలు. అయితే ఆ మేలు అందాలంటే ముందు బస్సంటూ ఒకటి రావాలి కదా!

సరే, లెక్క కాగితం మీద కాదు, కాళ్లతో చూద్దామని ఒక సోమవారం పొద్దున్నే బయల్దేరాను. కారు లేదు, మావారు లేరు. విద్యానగర్‌లో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి లింగంపల్లిలో దిగాను. అక్కడిదాకా ఏ చింతా లేదు. కిటికీ పక్కన కూర్చుని కథ కూడా ఆలోచించుకున్నాను. అక్కడి నుంచి మొదలైంది అసలు ప్రయాణం. బస్సు కోసం నలభై నిమిషాలు నిలబడ్డాను. విసిగి, ఆటో బేరమాడాను. ఆదివారం ఖాళీగా కనిపించిన రోడ్డు సోమవారం తొమ్మిదింటికి కార్ల కొట్టులా ఉంది. మొత్తం ఇంటి నుంచి ఆ గేటు దాకా రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. ఇక మావారికి చెప్పిన ఇరవై నిమిషాల సంగతి... ఎదురుగా గచ్చిబౌలి వైపు కదలకుండా నిలిచిన బండ్లే చెప్పాయి.

ఒక చిన్న గుణకారం చూడండి. పోను గంటన్నర, రాను గంటన్నర. రోజుకు మూడు గంటలు. ఏడాదికి 250 పనిరోజులు వేసుకుంటే 750 గంటలు. అంటే రాత్రీపగలూ కలిపి ముప్పై ఒక్క రోజులు! ఏడాదికో నెల రోడ్డు మీద పారబోసుకుంటున్నామన్నమాట. ఉద్యోగం చేసే ఆడవాళ్లయితే ఆ నెలను ఎక్కడి నుంచి తెస్తారు? వంటింట్లోంచి తగ్గదు, ఆఫీసులోంచి తగ్గదు. నిద్రలోంచే తగ్గుతుంది. కొన్నాళ్లకు ‘పిల్లలకు ఇబ్బందిగా ఉంది, నేనే మానేస్తాలే’ అంటారు. ఉద్యోగం మాన్పించింది పిల్లలనుకుంటాం. కాదు, దూరం.

ఆ గేటు దగ్గర ఇద్దరితో మాట్లాడాను. ఒకావిడ ఇళ్లల్లో పనిచేసే మనిషి. ‘ఆటో దిగినంక శానా దూరం నడవాలమ్మా. గేటు కాడ సంతకం పెట్టాలె, సంచి సూపియ్యాలె. అయన్నీ అయ్యేసరికి మొదటింటమ్మ ఆలిస్యమైందని కోపం జేస్తది’ అంది. మన ఇంటి పని ఆమె కాళ్ల మీద ఆధారపడి ఉంటుంది. కానీ ఆమె ఎక్కడుంటుంది, ఎలా వస్తుంది అన్నది ఏ బ్రోచర్లోనూ ఉండదు. ఆమె రాని రోజు ఆ దూరమూ మన నెత్తినే పడుతుంది.

రెండో ఆవిడ గుంటూరు నుంచి మనవణ్ణి చూసుకోవడానికి వచ్చిన పెద్దావిడ. ‘అన్నీ ఉన్నాయమ్మా. కిందకు దిగితే పార్కుంది, పలకరించేవాళ్లున్నారు. గుడికెళ్లాలన్నా, జోడు బాగుచేయించుకోవాలన్నా మాత్రం అబ్బాయికి ఖాళీ ఎప్పుడా అని చూడాలి’ అంది. అత్తయ్య గుర్తొచ్చింది నాకు. విద్యానగర్‌లో ఆవిడ రోజూ సాయంత్రం తనంతట తాను గుడికి నడిచివెళ్తుంది. దారిలో పూలు కొంటుంది, పది రూపాయలకు బేరమాడుతుంది. ఆ బేరమే ఆవిడ స్వాతంత్ర్యం!

అలాగని ఆ పెద్ద సముదాయాలన్నీ పనికిరావని నేననడం లేదు. నా స్నేహితురాలొకతి అక్కడే కొనుక్కుంది, సుఖంగా ఉంది. భార్యాభర్తలిద్దరికీ ఆఫీసులు ఆ చుట్టుపక్కలే. ఇద్దరు చిన్నపిల్లలు. ‘సాయంత్రం పిల్లలు కిందకెళ్లి ఆడుకుంటుంటే నేను నిశ్చింతగా వంట చేసుకుంటాను. రాత్రి పదింటికి ఒక్కదాన్నే నడవగలను. ఊళ్లో నాకు ఆ ధైర్యం ఎప్పుడైనా ఉందా?’ అంటుంది. ఆమాట ఎంత నిజం! ఆమె దూరాలు వేరు, నా దూరాలు వేరు. అందుకే ‘అందరూ అక్కడే కొంటున్నారు’ అన్నది కారణం కాదంటాను. మన ఇంట్లోవాళ్లు రోజూ ఎక్కడికి వెళ్లాలన్నదే కారణం కావాలి.

దూరం ఒక్కటే కాదు, మరికొన్ని విషయాలు కూడా మనమే అడగాలి. మగవాళ్లు ధర, అంతస్తు, దిక్కు అడుగుతారు. మనం ఏప్రిల్, మే నెలల్లో నీళ్లెక్కడి నుంచి వస్తాయని అడుగుదాం. 2024 వేసవిలో ఈ పడమటి శివార్లలో ట్యాంకర్ల కోసం ఎంత ఎదురుచూశారో అందరం చూశాం. కిచెన్లో పాలరాయి ఎంత మెరిసినా కుళాయిలో నీళ్లుండాలి కదా! ఇప్పటికే అక్కడ కాపురముంటున్న ఇల్లాలిని అడగండి. అమ్మేవాడు చెప్పని సంగతి ఆవిడ రెండు మాటల్లో చెబుతుంది. వాన పడినప్పుడు కూడా ఒకసారి వెళ్లి చూడండి. హైదరాబాద్ చెరువుల ఊరు. 2020 అక్టోబరు వానలకు చాలా కాలనీలు మునిగాయి. చెరువు నిండుగా ఉన్నప్పటి నీటిమట్టం లోపలా, దాని చుట్టూ వదలాల్సిన జాగాలోనూ కట్టినవాటిని కూల్చడానికి 2024లో ‘హైడ్రా’ అనే ప్రత్యేక సంస్థే వచ్చింది. ఆ కూల్చివేతల్లో వీధిన పడిన సంసారాలను చూస్తే గుండె తరుక్కుపోయింది. ‘లేక్ వ్యూ’ అని మురిసేముందు, ఆ చెరువు హద్దు ఎక్కడో తెలుసుకోవడం మంచిది.

ఇక కొలతలు. మేం చూసిన ఒక ఫ్లాటు 1,850 చదరపు అడుగులన్నారు. మా అమ్మాయి టేపు పట్టుకుని గదులన్నీ కొలిస్తే 1,300 కూడా రాలేదు. మిగతాది నడవా, మెట్లు, లిఫ్టు, క్లబ్బుల వాటా అట! అది మోసమేమీ కాదు, అలా కలిపి చెప్పడం వాళ్ల అలవాటు. కానీ 2016లో వచ్చిన ‘రెరా’ చట్టం ప్రకారం గోడల మధ్య మనం నడిచే జాగా, అంటే కార్పెట్ ఏరియా ఎంతో వాళ్లు చెప్పి తీరాలి. అదే అడగండి. ఒప్పందం రాసి రిజిస్టరు చేయకుండా ధరలో పదిశాతం మించి తీసుకోకూడదనీ, కొనేవాళ్లు కట్టిన సొమ్ములో డెబ్బై శాతం ఆ కట్టడానికే విడిగా ఖాతాలో ఉంచాలనీ, ఇల్లు అప్పగించాక అయిదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే వాళ్ల ఖర్చుతోనే బాగుచేయాలనీ ఆ చట్టంలోనే ఉంది. ప్రాజెక్టుకు రెరా నంబరు లేకపోతే, ఎంత తక్కువకిస్తామన్నా లేచి వచ్చెయ్యడమే!

అప్పు సంగతి కూడా మనకు తెలియాలి. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవయ్యేళ్లకు తీసుకుంటే లక్షకు నెలకు దాదాపు 868 రూపాయలు కట్టాలి. అరవై లక్షలైతే నెలకు 52 వేల పైచిలుకు. ఇరవయ్యేళ్లలో కట్టేది మొత్తం కోటీ పాతిక లక్షలు! దీనికి నిర్వహణ ఖర్చు అదనం. అడుగుకు నాలుగు రూపాయల చొప్పున రెండు వేల అడుగులకు నెలకు ఎనిమిది వేలు. ఈత కొలనులో ఒక్కసారి దిగకపోయినా కట్టాల్సిందే. పైగా దూరం పెరిగేకొద్దీ రెండో కారు అవసరమవుతుంది. కొన్నది చవక అనుకున్న ఇల్లు అలా నెలనెలా ఖరీదవుతుంది.

ముఖ్యమైన మాట ఇంకొకటుంది. అప్పు కాగితాల మీద సంతకం పెట్టమంటే మనం పెట్టేస్తాం. దాంతో అప్పుకు మనమూ బాధ్యులమవుతాం. కానీ ఇంటికి యజమానులం కాము. యజమాని కావాలంటే రిజిస్ట్రేషన్ దస్తావేజులో పేరుండాలి. ఈ తేడా బాగా చదువుకున్నవాళ్లకూ తెలియదు. ఆస్తిలో ఆడపిల్లకు సమానవాటా ఇస్తూ 1986లోనే చట్టాన్ని సవరించుకున్న రాష్ట్రం మనది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గాని రాలేదు. అలాంటిచోట ‘నా పేరు కూడా రాయించండి’ అనడానికి మొహమాటమెందుకు? అది అనుమానం కాదు, అడగాల్సిన మాట. నేనడిగాను. మావారు ‘అడగాలా?’ అన్నారు. అడిగితేనే గదా ఆ మాటైనా అన్నది!

ఇంతకీ మేమేం చేశామంటారా? ఆ సోమవారం తిరిగొచ్చేటప్పుడు లింగంపల్లి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడే నాకు ఆలోచన తట్టింది. తర్వాత నెలరోజులపాటు స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే చూశాం. ఆఖరికి పదిహేనేళ్ల పాత కట్టడంలో ఫ్లాటు దొరికింది. మూడు పడకగదులు అనుకున్నది రెండైంది. ఈత కొలను లేదు, క్లబ్బు లేదు, లిఫ్టు అప్పుడప్పుడు అలుగుతుంది. మావారికి ఆఫీసుకు ఆ కొల్లూరు నుంచి చెప్పిన లెక్క కంటే ఓ పావుగంట ఎక్కువే. ఊరికే దొరికే మంచి ఏదీ లేదు.

కానీ అత్తయ్య గుడికి తనే నడిచి వెళ్తోంది. అమ్మాయి కాలేజీకి బస్సులో పోతోంది, దాన్ని దింపడానికి ఎవరూ ఆఫీసు మానుకోనక్కర్లేదు. నేను లింగంపల్లిలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులో మల్కాజిగిరి వెళ్తున్నాను. వారానికి మూడుసార్లు కాస్తా రెండయింది, నిజమే. మొదటిసారి వెళ్లినప్పుడు అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ‘అంత దూరం పోతున్నావు, ఇక పండగలకే వస్తావేమోననుకున్నానే’ అంది. ఆ భయం ఇన్నాళ్లూ నాతో అనలేదు. కూతురి సొంతింటి సంతోషానికి అడ్డురాకూడదని! ఆమె దూరాన్ని కూడా ఎవరో ఒకరు లెక్కెయ్యాలిగా?

మీరూ ఇల్లు వెతుకుతున్నారా? ముందు ఒక కాగితం తీసుకోండి. ఇంట్లో ఉన్నవాళ్లందరి పేర్లూ రాయండి. ముసలివాళ్లవీ, పిల్లలవీ, ఇంటికొచ్చి పనిచేసే మనిషిదీ. ఎదురుగా ఎవరు ఎక్కడికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి, ఎంతసేపు పడుతుంది రాయండి. మీ పేరు రాయడం మరచిపోకండి. మనం మరచిపోయేది ఎప్పుడూ దాన్నే! ఆ తర్వాత నచ్చిన ఇంటికి ఆదివారం కారులో కాదు, సోమవారం పొద్దున మీ అంతట మీరు వెళ్లి రండి.

ఆదివారం కనిపించేది ఇల్లు. సోమవారం కనిపించేది మన బతుకు. కొనేది మొదటిదాన్నే అయినా, ఉండాల్సింది మాత్రం రెండోదానిలోనే కదా!